బెంచీ మీది అమ్మ చాప మీదికి

ఎదుగుదలలో వెనకబడిన చిన్నారులకి థెరపీ గది ఒక్కటే చాలదు. తల్లీ తండ్రీ బిడ్డా కలిసి, మరికొన్ని కుటుంబాలతోపాటు కూర్చుని నేర్చుకునే గ్రూపులు కావాలి. మన ఊళ్ళలోనే కావాలి.

"మగపిల్లలకి మాటలు కాస్త ఆలస్యంగానే వస్తాయిలే." "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళు దాటాకే నోరు విప్పాడు." "బొద్దు పిల్లాడు కదా, నడక నెమ్మదిగా వస్తుంది." "వస పోశారా?"

ఏడాదిన్నర నిండినా బిడ్డ అమ్మా, అత్తా అనకపోతే, పేరు పెట్టి పిలిచినా తల తిప్పకపోతే మన ఇళ్ళలో వినిపించే మాటలివి. వీటిలో ఏదీ చెడ్డ మనసుతో అన్నది కాదు. తల్లి దిగులు పోగొట్టాలనే అంటారు. కానీ ఆ ఊరడింపుల్లోనే ఆరు నెలలు, ఏడాది గడిచిపోతాయి. పుట్టాక మొదటి మూడేళ్ళలో మెదడు ఎదిగినంత వేగంగా తర్వాత ఎప్పుడూ ఎదగదు. చూపు, వినికిడి, మాట, అడుగు, చేతి పట్టు, ఎదుటి మనిషి మొహంలో సంతోషమో కోపమో పోల్చుకోవడం, వీటన్నిటికీ పునాది పడేది అప్పుడే. ఆ వయసులో పోగొట్టుకున్న ఏడాదిని తర్వాత పూడ్చుకోవచ్చు కానీ, దానికి ఎన్నో రెట్లు శ్రమ పడాలి.

సరే, ఎలాగో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళారనుకుందాం. ఆయన థెరపీకి రాశారు. ఆ తర్వాత ఏం జరుగుతుందో హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో ఎన్నో కుటుంబాలకి అనుభవమే. గదిలో బిడ్డ, థెరపిస్టు. తలుపు మూసి ఉంటుంది. బయట వరండాలో బెంచీ మీద తల్లి. లోపలినుంచి ఏడుపు వినిపిస్తుంటే చున్నీ కొస నలుపుకుంటూ కూర్చుంటుంది. ముప్పావుగంటకి తలుపు తెరుచుకుంటుంది. "ఈరోజు బాగానే చేశాడమ్మా, మళ్ళీ గురువారం తీసుకురండి." ఏం చేశాడో, ఎలా చేయించారో, ఇంటికెళ్ళి తను ఏం చెయ్యాలో ఆ తల్లికి తెలియదు. ఫీజు కట్టి ఆటో ఎక్కుతుంది.

వారానికి 168 గంటలు. అందులో ఆ గదిలో గడిచేవి రెండో మూడో. మిగతా కాలమంతా బిడ్డ ఉండేది తల్లి చంకలో, నానమ్మ మంచం పక్కన, అక్క బొమ్మల నడుమ. లాల పోసేది, అన్నం పెట్టేది, నిద్రపుచ్చేది ఇంట్లోవాళ్ళే. అలాంటప్పుడు నేర్పవలసిన విద్యంతా మూసిన తలుపు వెనక జరిగి, ఆ విద్య ఎవరికి నిజంగా అవసరమో వాళ్ళు బయట బెంచీ మీద కూర్చోవడం ఎంత పెద్ద పొరపాటు! గట్టు మీద కూర్చుని ఎవరూ ఈత నేర్చుకోలేరు.

ఈ పొరపాటుని దిద్దే పద్ధతి కొత్తదేమీ కాదు. చెన్నై టీ నగర్‌లో 1989లో మొదలైన మధురం నారాయణన్ సెంటర్‌లో బిడ్డతోపాటు అమ్మో నాన్నో ఉండి తీరాలి. అక్కడ వాడే 'ఉపనయన్' పాఠ్యక్రమంలో రెండేళ్ళలోపు పిల్లల కోసం ఐదు రంగాల్లో, ఒక్కో రంగంలో 50 చొప్పున 250 నైపుణ్యాలున్నాయి: కదలిక, సొంత పనులు, మాట, ఆలోచన, నలుగురితో కలవడం. ఏ మెట్టు మీద బిడ్డ ఉందో చూసి, తర్వాతి మెట్టు ఎక్కించడం తల్లి చేతే చేయిస్తారు. ఢిల్లీలో ఆటిజం ఉన్న ఒక బాలుడి తల్లి మెర్రీ బరువా స్థాపించిన 'యాక్షన్ ఫర్ ఆటిజం' సంస్థకి దేశం నలుమూలల నుంచి కుటుంబాలు వచ్చి మూడు నెలలపాటు ఉండి, బిడ్డతో కలిసి శిక్షణ పొంది వెళతాయి. మన సికింద్రాబాద్ బోయినపల్లిలో, మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. దూరం నుంచి వచ్చే తల్లిదండ్రులు బిడ్డతో ఉండి నేర్చుకోవడానికి అక్కడ కుటుంబ కాటేజీలు ఏర్పాటు చేశారు.

చాప మీద ఏం జరుగుతుంది

ఆరో ఎనిమిదో కుటుంబాలు. వారానికి ఒకటో రెండో పూటలు. బిడ్డని దింపేసి వెళ్ళడం కుదరదు, ఎవరో ఒక పెద్దమనిషి పక్కన కూర్చోవాలి. నడుమ ఒక స్పీచ్ థెరపిస్టో, ప్రత్యేక విద్య చదివిన టీచరో. ఇలాంటి గ్రూపులు ఎక్కడ నడిచినా వరస ఇంచుమించు ఒకటే.

మొదట పేర్ల పాట. ఒక్కో బిడ్డ పేరూ పాటలో వస్తుంది, పేరు రాగానే అందరూ ఆ బిడ్డ వైపు చూస్తారు. చెయ్యి ఊపే బిడ్డ ఊపుతుంది. ఊపలేని బిడ్డ చేతిని తల్లి మెల్లగా ఎత్తుతుంది. చూసేవాళ్ళకి ఇది ఉత్త కాలక్షేపం. నిజానికి తన పేరు గుర్తుపట్టడం, వంతు వచ్చేదాకా ఆగడం, నలుగురి చూపుని ఓర్చుకోవడం, ఈ మూడూ ఆ రెండు నిమిషాల్లో సాధన అవుతున్నాయి.

తర్వాత ఆట. ఇక్కడ మన దగ్గర ఉన్న సంపద చూస్తే నాకు ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది. కాళ్ళాగజ్జా ఆటనే తీసుకోండి. అందరూ వరసగా కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. ఒకరు పాడుతూ ఒక్కో కాలినీ తాకుతూ పోతారు. పాట ఎవరి కాలి దగ్గర ఆగితే వాళ్ళు ఆ కాలు ముడవాలి. నడుం నిలిపి కూర్చోలేని బిడ్డకి తల్లి ఒడిలో ఆసరాతో కూర్చునే అలవాటు, తాకితే ఉలిక్కిపడే బిడ్డకి స్పర్శతో నెమ్మదైన పరిచయం, ఎప్పుడు తన వంతు వస్తుందా అని ఎదురుచూసే బిడ్డకి ఏకాగ్రత, అన్నీ ఒక్క ఆటలో ఉన్నాయి. కొంగు చాటున మొహం దాచి బూచి ఆడితే, కనిపించకుండా పోయినది మాయమైపోలేదని, మళ్ళీ వస్తుందని పసిమనసుకి తెలుస్తుంది. చప్పట్ల ఆటలో రెండు చేతులూ మధ్యకి తేవాలి. ఒక పక్క చెయ్యి బిగుసుకుపోయిన బిడ్డకి అదే మంచి వ్యాయామం. వేల రూపాయల ప్లాస్టిక్ బొమ్మలు లేకపోయినా ఫరవాలేదు. అమ్మమ్మలు ఆడించిన ఆటల్ని ఎందుకు, ఎలా, ఎంతసేపు ఆడించాలో తెలిసి ఆడిస్తే చాలు.

ఆ తర్వాత తిండి. మరమరాలు పళ్ళెంలో వేస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కొక్కటీ ఏరుకోవాలి, రేపు పెన్సిల్ పట్టే పట్టు అదే. అరటిపండు ముక్క ఒకటే ఇచ్చి ఆగుతారు. ఇంకొకటి కావాలంటే బిడ్డ ఏదో ఒకటి చెయ్యాలి. కళ్ళలోకి చూడాలి, చెయ్యి చాపాలి, 'ఊ' అనాలి, మాటలు వచ్చినవాడైతే 'పండు' అనాలి. ఏం చేసినా వెంటనే అందుతుంది.

తల్లులకి ఇక్కడే అన్నిటికన్నా కష్టమైన పాఠం ఎదురవుతుంది. ఆగడం. బిడ్డ నోరు తెరవకముందే నీళ్ళందించే ప్రేమ మనది. ఏడుపు మొదలవకముందే ఎత్తుకునే చేతులు మనవి. మాటలు రాని బిడ్డ విషయంలో ఆ ప్రేమ మరీ ఎక్కువవుతుంది, అడగవలసిన అవసరమే లేకుండా పోతుంది. గ్రూపులో టీచరు అంటుంది: "మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండమ్మా. ఆ తర్వాతే ఇవ్వండి." ఆ ఐదు అంకెలూ లెక్కపెట్టేలోపు తల్లి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పక్కన కూర్చున్న మరో తల్లి, నిరుడు ఇదే చాప మీద ఇదే బాధ పడ్డ తల్లి, చెయ్యి పట్టుకుంటుంది. మూసిన తలుపు వెనక గదిలో ఈ చెయ్యి దొరకదు. ఎంత చదివిన థెరపిస్టయినా ఇది ఇవ్వలేదు.

చివరి అరగంట పిల్లల్ని ఆయమ్మ ఆడిస్తుంటే పెద్దవాళ్ళ మాటలు. మా వాడు మెత్తటన్నం తప్ప ముట్టడని ఒకరు. మేమూ అంతే, ముందు అన్నంలో చిదిమిన ఇడ్లీ కలిపాం, తర్వాత నెమ్మదిగా ముక్కలు పెంచామని ఇంకొకరు. రాత్రిళ్ళు నిద్రపోదని ఒకరు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపు ఎప్పుడుందని మరొకరు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఒక్క పని మాత్రమే అప్పగిస్తారు. ఈ వారం లాల పోసేటప్పుడు చెయ్యి, కాలు, పొట్ట అని పేర్లు చెబుతూ పొయ్యండి, అంతే. పదిహేను వ్యాయామాలు రాసిన కాగితం ఇస్తే అది ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉండిపోతుంది. లాల మాత్రం రోజూ పొయ్యాలి కదా, ఆ పని జరిగి తీరుతుంది.

ఒడిశా పల్లెల్లో తేలిన లెక్క

గ్రూపు అనగానే డబ్బు లేక చేసే సర్దుబాటు అనుకునేవాళ్ళున్నారు. విడివిడిగా చెబితేనే నాణ్యం, కలిపి చెబితే నాసి అని వాళ్ళ నమ్మకం. దీన్ని పరీక్షించిన అధ్యయనం మన పక్క రాష్ట్రంలోనే జరిగింది. దాని మూలం మాత్రం జమైకాలో ఉంది.

1980ల నడుమ కింగ్‌స్టన్ నగరంలోని పేద పేటల్లో సాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు ఎదుగుదల గిడసబారిన 129 మంది పసిపిల్లల్ని ఎంచుకున్నారు. అందులో కొందరి ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళపాటు వారం వారం వెళ్ళి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డని ఎలా ఆడించాలో తల్లికి నేర్పారు. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందనివాళ్ళకన్నా 25 శాతం ఎక్కువ. ఈ ఫలితం 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది.

అదే పద్ధతిని ఒడిశాలో 192 పల్లెల్లో, 1,400 మందికి పైగా పసివాళ్ళతో పరీక్షించారు. కొన్ని పల్లెల్లో కార్యకర్త ఇంటింటికీ వెళ్ళింది. కొన్నిటిలో తల్లుల్నీ పిల్లల్నీ ఒకచోట కూర్చోబెట్టి అవే ఆటలు నేర్పింది. రెండేళ్ళ తర్వాత కొలిస్తే తెలివితేటల్లో, మాటల్లో రెండు పద్ధతుల పిల్లలూ దాదాపు సమానంగా ముందుకొచ్చారు. ఖర్చులో మాత్రం పోలికే లేదు. ఇంటింటికీ వెళితే బిడ్డకి ఏడాదికి 135 డాలర్లు, గ్రూపులో 38 డాలర్లు. 2020లో 'పీడియాట్రిక్స్' పత్రిక ఈ వివరాలు ప్రచురించింది. వీళ్ళు వైకల్యం ఉన్న పిల్లలు కారు, పేద పల్లెల్లోని మామూలు పిల్లలు. ఆ తేడా మరవకూడదు. కానీ కలిపి కూర్చోబెడితే నాసి అన్న వాదనకి మాత్రం ఆ పల్లెలు సమాధానం చెప్పేశాయి.

వైకల్యం ఉన్న పిల్లల కోసమే రూపొందినవి వేరే ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన సంరక్షకుల శిక్షణలో తొమ్మిది గ్రూపు తరగతులు, మూడు సార్లు ఇంటికి రావడం. రెండేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లల తల్లిదండ్రులకి ఉద్దేశించింది. నిపుణులు కానివాళ్ళు కూడా శిక్షణ పొంది నడపగలిగేలా దాన్ని రూపొందించారు, 30కి పైగా దేశాలు ప్రయత్నించాయి. బ్రెజిల్‌లో జికా వైరస్ వల్ల తల చిన్నదై పుట్టిన పిల్లల కుటుంబాల కోసం 'జుంతోస్' అనే గ్రూపులు పెట్టారు. వాటిని ఒక థెరపిస్టూ, అలాంటి బిడ్డనే పెంచుతున్న ఒక తల్లీ జంటగా నడిపించారు. ఆ తల్లిని సహాయకురాలు అనలేదు. ఆమె కూడా నిపుణురాలే అన్నారు. మన దగ్గర అన్నిటికన్నా ముందు తెచ్చుకోవలసింది ఆ ఒక్క ఏర్పాటు.

మన దగ్గర ఏమున్నాయి

ఈ అవసరం ఎందరిది? దేశంలో ఐదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు దాదాపు నాలుగు వేల మందిని పరీక్షించిన అధ్యయనం 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. చూపు, వినికిడి, మాట లోపాలు, మూర్ఛ, సెరెబ్రల్ పాల్సీ, ఆటిజం, బుద్ధిమాంద్యం, వీటిలో ఏదో ఒకటైనా ఉన్నవాళ్ళు ఆరేళ్ళలోపు పిల్లల్లో సగటున నూటికి తొమ్మిది మంది తేలారు. ముప్పై మంది పిల్లలున్న అంగన్‌వాడీలో ఇద్దరో ముగ్గురో అన్నమాట.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్‌ఎం ఉన్న బృందం ఏడాదికి రెండుసార్లు ప్రతి అంగన్‌వాడీకీ వచ్చి పిల్లల్ని చూడాలి. అనుమానం ఉంటే జిల్లా ఆసుపత్రిలోని సత్వర చికిత్స కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. అక్కడ పిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్ థెరపిస్టు, సైకాలజిస్టు ఒకేచోట ఉండాలన్నది ఏర్పాటు. 2021 జూన్‌లో జాతీయ సంస్థల్లో, ప్రాంతీయ కేంద్రాల్లో మొత్తం 14 చోట్ల అన్ని వైకల్యాలకీ కలిపి ఒకే గొడుగు కింద సేవలందించే కేంద్రాలు తెరిచారు, వాటిలో సికింద్రాబాద్ ఒకటి. 2023 నవంబరులో దివ్యాంగ చిన్నారుల కోసం అంగన్‌వాడీలు పాటించవలసిన విధానం వచ్చింది. 2024 మార్చిలో పుట్టుక నుంచి మూడేళ్ళ దాకా పిల్లల్ని ఆడించే పద్ధతులతో 'నవచేతన' వచ్చింది. బడి వయసు దివ్యాంగ పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

కాగితం మీద గొలుసు పూర్తిగా ఉంది. తెగేది ఒకచోటే, ఊరికీ జిల్లా కేంద్రానికీ మధ్య. మారుమూల మండలం నుంచి జిల్లా ఆసుపత్రికి రెండు బస్సులు మారి రావాలి. మెడ నిలవని మూడేళ్ళ బిడ్డని ఎత్తుకుని రావాలి. ఆ రోజు కూలి పోతుంది, ఛార్జీలు పోతాయి. మొదటివారం వస్తారు. మూడోవారం మానేస్తారు. రిజిస్టరులో 'తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు' అన్న అర్థం వచ్చే మాట ఒకటి పడుతుంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. శ్రద్ధ ఉంది. దారి ఖర్చు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకి పైగా, తెలంగాణలో 35 వేలకి పైగా అంగన్‌వాడీలున్నాయి. బిడ్డ ఇంటికి ఇంతకన్నా దగ్గరలో ఉన్న ప్రభుత్వ గది ఇంకొకటి లేదు. నాలుగైదు అంగన్‌వాడీలకి కలిపి ఒకచోట పదిహేను రోజులకోసారి గ్రూపు పెట్టి, డీఈఐసీ థెరపిస్టు అక్కడికి వస్తే ఎనిమిది కుటుంబాల బస్సు ప్రయాణం తప్పుతుంది. ఎనిమిది మంది తల్లులు జిల్లా కేంద్రానికి వెళ్ళే బదులు ఒక్క థెరపిస్టు ఊరికి రావడం. ఇందులో అర్థంకాని లెక్కేముంది? అయితే దీన్ని అంగన్‌వాడీ టీచరు నెత్తిన ఇంకో రిజిస్టరుగా పెట్టకూడదు. బరువులు తూచడం, పాలు గుడ్లు పంచడం, ఫోన్‌లో యాప్ నింపడం, ఎన్నికల పని, అన్నీ చాలీచాలని గౌరవ వేతనానికే చేస్తోంది. ఈ పని ఇవ్వాలంటే ఇంకో పని తగ్గించాలి, దీనికి విడిగా డబ్బివ్వాలి.

నిందలు మోసే తల్లి, కనిపించని తండ్రి

పుట్టగానే ఏడవలేదు. నెలలు నిండకుండా పుట్టి బాక్సులో పెట్టారు. పచ్చకామెర్లు బాగా ఎక్కాయి. మేనరికం. కారణం ఏదైనా ఇంట్లో వేలు తిరిగేది తల్లి వైపే. గ్రహణం వేళ బయటికి వెళ్ళిందనో, కడుపుతో ఉండగా టీవీ చూసిందనో, ఉద్యోగానికి వెళ్ళిందనో. ఆటిజం అని తేలితే ఫోన్ ఇచ్చిందనో. ఫోన్‌తో పసిపిల్లలకి మేలు లేదన్నది నిజం, మనిషి మొహం చూసి నేర్చుకోవలసిన గంటల్ని అది మింగేస్తుంది. కానీ ఆటిజం ఫోన్ వల్ల రాదు. ఈ రెండు వాక్యాలూ కలిపి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే గ్రూపులో మొదటి రోజు పాఠం ఇదే అయ్యుండాలి: నీ తప్పేమీ లేదమ్మా. ఎనిమిది మంది తల్లుల ముందు, వీలైతే అత్తగారి ముందు, ఆ మాట ఒక డాక్టరు నోట వినిపించాలి.

అత్తగార్లని గ్రూపులోకి పిలవడం చాలా అవసరమని నా నమ్మకం. మనవడిని రోజంతా చూసుకునేది చాలా ఇళ్ళలో నానమ్మే. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పరు. చెప్పకుండా, కోడలు బిడ్డకి కావాలని నీళ్ళివ్వడం లేదని ఆమె అనుకుంటే తప్పు ఆమెది కాదు. ఒక్కసారి చాప మీద కూర్చుని, ఐదు అంకెలు లెక్కపెట్టగానే మనవడు తన మొహంలోకి చూసి 'ఊ' అనడం కళ్ళారా చూసిన నానమ్మకి ఆ తర్వాత ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు.

తండ్రి సంగతి వేరు. పని దినాల్లో ఉదయం పదిన్నరకి గ్రూపు పెట్టి, తండ్రులు రావడం లేదంటే ఎలా? నెలకో ఆదివారం వాళ్ళ కోసమే పెట్టాలి. తోబుట్టువుల్ని కూడా రానివ్వాలి. తమ్ముడి వల్ల అమ్మ తనని పట్టించుకోవడం లేదని లోలోపల కుములుతున్న ఆరేళ్ళ అక్కకి, ఆటలో తమ్ముడి చెయ్యి పట్టుకునే పని అప్పగిస్తే ఆ పిల్ల మొహం వెలిగిపోతుంది.

ఇంట్లో ఏ భాష?

అమెరికాలో ఎదుగుదలలో వెనకబడిన మూడేళ్ళలోపు పిల్లలకి థెరపీ సేవలు చట్టబద్ధమైన హక్కు. 1986లో చట్టం వచ్చింది. వీలైనంతవరకు బిడ్డ మామూలుగా ఉండే చోట్లలోనే, అంటే ఇంట్లో, తోటి పిల్లలున్న చోట, సేవలందాలని ఆ చట్టమే చెబుతుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఈ సేవలకి అర్జీ పెట్టుకోవడానికి డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, అనుమానం ఉంటే తామే ఫోన్ చెయ్యొచ్చు. మూడేళ్ళు నిండగానే బాధ్యత స్కూలు డిస్ట్రిక్టుకి మారుతుంది. ఆలస్యం చేసినవాళ్ళు ఆ మొదటి మెట్టుని పూర్తిగా పోగొట్టుకుంటారు.

అక్కడి మనవాళ్ళు తరచూ ఎదుర్కొనే సలహా ఒకటుంది. పిల్లాడికి మాటలు రావడం లేదు కాబట్టి ఇంట్లో రెండు భాషలు వద్దు, ఇంగ్లీషే మాట్లాడండి అని. ఇప్పుడది హైదరాబాద్ క్లినిక్కుల్లోనూ వినిపిస్తోంది. థెరపీ ఇంగ్లీషులో, ఫ్లాష్ కార్డులు ఇంగ్లీషులో, రేపు చేరే స్కూలు ఇంగ్లీషుది కాబట్టి తల్లి కూడా 'కమ్, సిట్, గివ్' అనాలట.

ఈ సలహా తప్పు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద కెనడా పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషల మధ్య పెరుగుతున్న పిల్లలు ఒకే భాష విన్న పిల్లలకన్నా ఇంగ్లీషులో ఏమీ వెనకబడలేదు. ఆటిజం ఉన్న పిల్లల్లోనూ రెండు భాషలు హాని చేస్తాయనడానికి ఆధారం దొరకలేదు. దీని వెనక తర్కం కూడా సులువే. మాట నేర్పేది మాటల సంఖ్య, వాటి వెనకున్న మనసు. అమ్మ తనకి పట్టుబడిన భాషలో రోజుకి వెయ్యి మాటలు అంటుంది, 'అదిగో కాకి, కాకి ఎగిరిపోయింది, మళ్ళీ వస్తుందిలే' అని సాగదీస్తుంది. పట్టుబడని భాషలో ఆజ్ఞలు మాత్రమే ఇస్తుంది. తాతయ్యతో, పక్కింటి పిన్నితో, కూరలమ్మే ఆవిడతో మాట కలపలేని బిడ్డ ఇంకా ఒంటరి అవుతుంది. గ్రూపు ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊరి మాటలోనే జరగాలి. ఆదిలాబాద్ గూడేల్లో గోండిలో, పాతబస్తీలో ఉర్దూలో.

గ్రూపుతో కాని పనులు

గ్రూపు అన్నిటికీ మందు కాదు. మాట రాని ఏ బిడ్డకైనా మొదట జరగవలసింది వినికిడి పరీక్ష. పిలిస్తే పలకడం లేదని ఆటిజం అనుకుని ఏడాది తిరిగాక, బెరా పరీక్ష చేస్తే చెవుడని తేలిన పిల్లలున్నారు. వినికిడి యంత్రమో కాక్లియర్ ఇంప్లాంటో ఎంత తొందరగా పడితే మాట అంత చక్కగా వస్తుంది. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, కానీ ఆపరేషన్ తర్వాత వినడం నేర్పే సాధన ఏళ్ళ తరబడి జరగాలి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంటే రోజుకో చిన్న మాత్ర బిడ్డ బుద్ధిని కాపాడుతుంది, పుట్టిన వారాల్లోనే మొదలుపెడితే. ఫిట్స్ ఉంటే మందు ఆపకూడదు. సెరెబ్రల్ పాల్సీలో కండరాలు బిగుసుకోకుండా ఫిజియో ఒక్కో బిడ్డకీ విడిగా చూడాలి. ఇవన్నీ జరుగుతూనే, వాటి పక్కన గ్రూపు ఉండాలి.

మరొకటి గట్టిగా చెప్పాలి. ఆటిజాన్ని మూలకణాలతో నయం చేస్తామని లక్షలు గుంజే చోట్లున్నాయి. 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు మూలకణ చికిత్సని కొన్ని రక్త సంబంధ జబ్బులకి తప్ప మామూలు వైద్యంగా ఒప్పుకోలేదు. పొలం అమ్మి అక్కడ కట్టే ముందు ఆ డబ్బుతో తల్లి రెండేళ్ళు పనికి వెళ్ళకుండా బిడ్డతో గడపొచ్చునని గుర్తుంచుకోండి.

ఎప్పుడు అనుమానించాలి? రెండు నెలలు దాటినా మొహం చూసి నవ్వకపోతే, ఐదో నెలకీ మెడ నిలపకపోతే, తొమ్మిది నెలలకీ ఆసరా లేకుండా కూర్చోకపోతే. ఏడాది నిండినా తాతా అత్తా లాంటి ముద్దుపలుకులు లేకపోతే, వేలుతో 'అదిగో' అని చూపించకపోతే. పదహారు నెలలకి ఒక్క మాటా, రెండేళ్ళకి రెండు మాటలు కలిపి అనడం రాకపోతే. వచ్చిన మాటగానీ, ఆటగానీ ఏ వయసులోనైనా పోతే ఆ వారమే డాక్టరుకి చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి వయసు లెక్క పుట్టిన తేదీ నుంచి కాదు, డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి. ఆసుపత్రిలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఈ మెట్లు బొమ్మలతో సహా ఉన్నాయి. టీకాల తేదీలు చూసి మడిచి పెట్టేసే కార్డే అది.

జబ్బు పేరు తేలేదాకా ఆగనక్కర్లేదు. ఎంఆర్‌ఐ రిపోర్టు, జన్యు పరీక్ష రిపోర్టు వచ్చేలోపు నెలలు గడుస్తాయి, కొందరికి ఏ పేరూ తేలదు. బిడ్డ కూర్చోవడం లేదంటే కూర్చోవడం నేర్పాలి, చూపించడం లేదంటే చూపించడం నేర్పాలి. చాప మీద చోటు దొరకడానికి అంతకుమించి అర్హత అడగకూడదు.

ఇక మిగిలింది డబ్బు, సమయం. గ్రూపుకి వచ్చిన రోజు తల్లికి ఆ రోజు కూలి, బస్సు ఛార్జీ ఇవ్వాలి. ఉపాధి హామీ పనికి వెళ్ళే తల్లికి ఆ పూట హాజరు పడాలి. రెండేళ్ళు గ్రూపులో ఉండి, తన బిడ్డని బడిలో చేర్చిన తల్లుల్లో ముందుకొచ్చేవాళ్ళకి శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, కొత్తగా వచ్చే కుటుంబాల పక్కన కూర్చోబెట్టాలి. ఒక మండలానికి ఇద్దరు చొప్పున మొదలుపెట్టినా చాలు. జిల్లా ఆసుపత్రిలో మొదటిసారి 'మీ బాబుకి ఎదుగుదల ఆలస్యంగా ఉందమ్మా' అన్న మాట విన్న తల్లి గదిలోంచి బయటికి రాగానే, ఇంటికి వెళ్ళేలోపే, ఆ ఇద్దరిలో ఒకరి ఫోన్ నంబరు ఆమె చేతికి అందాలి.